అచ్చుకెక్కని పక్షులు

1801. మద్రాసుకు అప్పట్లో ఓడరేవు లేదు. ఓడ దూరంగా సముద్రంలో ఆగిపోతే, మసులా పడవలు అలల మీద ఎగిరెగిరిపడుతూ జనాన్ని ఒడ్డుకు చేర్చేవి. కొత్తగా పెట్టిన సుప్రీంకోర్టుకు జడ్జిగా వచ్చిన హెన్రీ గ్విలిమ్ అలాగే దిగాడు. వెంట భార్య ఎలిజబెత్, మరదలు మేరీ.

జడ్జిగారి భార్యకు విందులూ వినోదాలూ చాలవా? ఎలిజబెత్‌కు చాలలేదు. తెలుగు నేర్చుకుంది. రాట్లర్ అనే మిషనరీ దగ్గర వృక్షశాస్త్రం చదువుకుంది. అసలు మనసు మాత్రం పక్షుల మీద.

ఆమె బొమ్మలు చూస్తే ఆ ఇంట్లో ఒక ఉదయం ఇలా గడిచి ఉంటుందనిపిస్తుంది. వేటగాడు ఒక నల్ల కొంగను చంకన ఇరికించుకుని వరండా ఎక్కాడు.

“దొరసానమ్మా, దగ్గరికి రాకండి, కళ్లు పొడుస్తుంది.”

“తాడు కొంచెం వదులు చెయ్యి, నిలబడనీ.”

దూర ఉత్తరదేశాల కొండల్లో, అడవుల్లో గూడు కట్టి, చలికాలానికి దక్కను దాకా దిగివచ్చే పక్షి అది. దూరం నుంచి చూస్తే ఒట్టి నలుపు. దగ్గరికెళ్తే ఆ నలుపులో ఆకుపచ్చ, ఊదా మెరుపులు. నీటిరంగుల్లో దాన్ని పట్టడం కష్టం. ముందు పలచటి పూత, అది ఆరాక మరొకటి. తెల్లటి పొట్టకు రంగే అక్కర్లేదు, కాగితాన్ని అలాగే వదిలేస్తే చాలు. ఎర్రటి ముక్కు దగ్గర కుంచె తొణికిందా, పొద్దుటి నుంచి పడ్డ శ్రమంతా వృథా. ఈలోగా కొంగ కాలు మారుస్తుంది, మెడ తిప్పుతుంది.

పెద్ద పెద్ద పక్షులను సైతం నిలువెత్తున, ఈక ఈకా వేరుగా కనిపించేలా గీసింది ఎలిజబెత్. అమెరికా పక్షులను నిలువెత్తున అచ్చువేసి ఆడుబాన్ అనే చిత్రకారుడు పేరు తెచ్చుకున్నది 1827 నుంచి. ఈమె బొమ్మలు అప్పటికే ఇరవై ఏళ్ల పాతవి.

ఇంటికి రాసిన ఉత్తరాల్లో మద్రాసు కబుర్లన్నీ చెప్పేది. అక్కడ హెన్రీకి గవర్నరుతో పడలేదు. ఆ గొడవలు ముదురుతుండగానే 1807 డిసెంబరు 21న ఎలిజబెత్ కన్నుమూసింది. వయసు 44. మరుసటి ఏడాది హెన్రీని లండన్‌కు వెనక్కి పిలిచారు.

తర్వాత నూరేళ్లకు పైగా ఆ బొమ్మల ఊసే లేదు. 1924లో కేసీ వుడ్ అనే కంటి డాక్టరు, పక్షుల పుస్తకాలంటే ప్రాణమిచ్చేవాడు, లండన్‌లో ఒక పాత కట్ట విప్పాడు. కళ్లు చెదిరాయి. గ్విలిమ్ అన్న పేరు పట్టుకుని ఆరా తీసి, మరుసటి ఏడాదే ‘ఐబిస్’ పత్రికలో ఆమె గురించి రాశాడు. కట్ట మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చేరింది. అందులో పక్షుల బొమ్మలే 121.

ఆడుబాన్ చందాదారులను కూడగట్టాడు, రాగిరేకుల మీద చెక్కించాడు, ఊరూరా తిరిగి అమ్ముకున్నాడు. ఎలిజబెత్‌కు ఆ వ్యవధి దొరకలేదు. ప్రతిభలో తేడా ఉందనుకుంటే పొరపాటే. ఒకరి పనికి అచ్చు తోడైంది, మరొకరి పని కట్టలోనే మిగిలింది.