గంధపూర పత్రము

మోకాలు పట్టినను, నడుము నొచ్చినను మన యిండ్లలో పెద్దలు ముందుగా అడుగునది నొప్పి లేపనమును. మూత తీయగనే గదిలో వ్యాపించు ఆ ఘాటు వాసన మనకు చిరపరిచితము. అట్టి లేపనములు పెక్కింటిలో ఆ వాసనకు మూలము ఒక ఆకు. దాని చరిత్రను నేడు కొంత ముచ్చటించుకొందము.

ఉత్తర అమెరికా తూర్పు అడవులలో నేలబారుగా పెరుగు చిన్న పొద యొకటి కలదు. మంచుకాలమందును దాని ఆకు పచ్చగనే యుండుటచే ఆంగ్లేయులు దానికి వింటర్‌గ్రీన్ అని పేరిడిరి. అచటి ఆదివాసులు జ్వరములకును, కీళ్ల నొప్పులకును దాని ఆకుల కషాయమును సేవించెడివారు. 1748లో స్వీడన్ నుండి అమెరికా చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు పేర్ కాల్మ్, క్యుబెక్ వైద్యుడగు గోతియే పేర దీనిని గాల్తేరియా అని వ్యవహరించెను. ఈ జాతికే చెందిన మఱియొక పొద మన హిమాలయములందును, ఖాసీ కొండలందును, నీలగిరులందును పెరుగుచున్నది. దాని నుండి తీసిన నూనెయే గంధపూర తైలము.

పచ్చి ఆకులో ఈ తైలము విడిగా నుండదు. చక్కెరతో ముడివడి యుండును. ఆకును నలిపి నీటిలో నానవేసినచో, ఆకులోనిదే యగు ఒక ఎంజైము ఆ ముడిని విప్పును. అటుపిమ్మట ఆవిరి పట్టి తైలమును దింపుదురు.

ఫిలడెల్ఫియాలో విలియం ప్రోక్టరును, పారిస్‌లో కహూరును 1840 దశకమున ఈ తైలమును పరిశోధించిరి. అందలి ముఖ్య ద్రవ్యము మిథైల్ సాలిసిలేటు అని కహూరు నిరూపించెను. అంతకు పూర్వమే, 1838లో, ఇటలీ దేశీయుడు పిరియా విల్లో చెట్టులోని సాలిసిన్ నుండి సాలిసిలిక్ ఆమ్లమును రాబట్టి యుండెను. ఒకటి చెట్టు, ఒకటి పొద. అయినను రెండింటి ఔషధము ఒకే కుటుంబమునకు చెందినదని తేలినది. 1876లో స్కాట్లండు వైద్యుడు మెక్లగన్ కీళ్లవాత జ్వర రోగులకు సాలిసిన్ ఇచ్చి, వాపును జ్వరమును తగ్గుటను ప్రకటించెను. 1897లో జర్మనీలో హాఫ్‌మన్ ఆస్పిరిన్‌ను శుద్ధరూపమున తయారుచేసెను.

వాపు ఏల తగ్గును? ఈ ప్రశ్నకు 1971లో లండనులో జాన్ వేన్ సమాధానము చెప్పెను. దెబ్బ తగిలిన చోట శరీరము ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేయును. అవి వాపును, నొప్పిని పెంచును. ఆస్పిరిన్ వాని ఉత్పత్తిని అరికట్టును. ఈ పరిశోధనలకై ఆయన 1982లో నోబెల్ బహుమతిని మఱి యిద్దరితో పంచుకొనెను. మొక్కకును ఇది ఊరక పుట్టిన ద్రవ్యము కాదు. వైరసు సోకిన పొగాకు మొక్క మిథైల్ సాలిసిలేటును గాలిలోనికి వదలి, ప్రక్క మొక్కల రక్షణశక్తిని మేల్కొల్పునని 1997లో వెల్లడియైనది.

నొప్పి లేపనముల చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. 1908లో అచటనే ఆంధ్రపత్రికను ప్రారంభించిరి. తలనొప్పి మందు అమ్మకమున గడించిన ధనము తెలుగు అక్షరమునకు ఊతమైనది.

నేడు మిథైల్ సాలిసిలేటు అధికభాగము కర్మాగారములలోనే తయారగుచున్నది. ఆకు నుండి వచ్చినను, యంత్రము నుండి వచ్చినను దాని శక్తి యొక్కటే, ప్రమాదమును ఒక్కటే. ఆకుమందు కదా, హాని చేయదను మాట ఇచట చెల్లదు. ఒక చిన్న చెంచా, అనగా 5 మిల్లీలీటర్ల శుద్ధ తైలములో, ఇరువదికి పైబడిన ఆస్పిరిన్ మాత్రలకు సమానమగు సాలిసిలేటు కలదు. పసిపిల్లలు అంతమాత్రము త్రాగి మరణించిన ఉదంతములు వైద్యగ్రంథములందు నమోదైనవి. వార్ఫరిన్ వంటి రక్తము పలుచబరచు మందు వాడువారికి, చర్మముపై పూసిన లేపనము వలన కూడ రక్తస్రావ భయము కలుగవచ్చును. వారు వైద్యుని అడిగి వాడవలెను.

కావున తైలమును కీలుపై పైపూతగా మాత్రమే రాయుడు, గాయముపై వలదు. పని ముగిసిన వెంటనే మూత బిగించి, సీసాను పిల్లల చేయి అందని అరలో పెట్టుడు. ఆ వాసన తియ్యగా నుండును. పిల్లలకు అది మిఠాయివలె తోచును.