కొప్పెరల రేవు

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రమున, శిఖరములెల్ల మంచుతో కప్పుకొని యున్న సౌత్ జార్జియా దీవిలో గ్రిట్వికెన్ అను చిన్న రేవు కలదు. 1775లో ఈ దీవిపై దిగిన కుక్ అను నావికుడు దానికి తన రాజగు మూడవ జార్జి పేరు పెట్టెనేగాని, నేల కొరగానిదని తలంచి నిరాశతో మరలిపోయెను. అయినను సీళ్లను గూర్చి యతడు వ్రాసిన నాలుగు మాటలే వేటకాండ్రకు చాలినవి. వారు బొచ్చు సీళ్లను చర్మములకును, ఏనుగు సీళ్లను నూనెకును వధించి, వేట సన్నగిల్లిన పిమ్మట ఆ నూనె కాచిన తమ ఇనుప కొప్పెరలను ఒడ్డుననే విడిచిపోయిరి. 1902లో వచ్చిన స్వీడిష్ పరిశోధకులు వానిని చూచియే ఈ చోటికి కొప్పెరల రేవను అర్థము వచ్చు పేరిడిరి. యమలోకమున పాపులను కాగెడు నూనెలో వేతురని విన్నాముగాని, పాపమెఱుగని జీవినే నూనెగా కాచుట మన పురాణములకును తోచలేదు.

ఆ పరిశోధకుల ఓడను నడిపిన నార్వే దేశీయుడు కార్ల్ ఆంటన్ లార్సెన్ ఈ రేవును మఱవలేక, బ్యూనస్ ఐరిస్ ధనికుల పెట్టుబడితో 1904 నవంబరు 16న మరలి వచ్చి, తిమింగిలముల కర్మాగారమును స్థాపించెను. ఒడ్డునకు ఈడ్చిన కళేబరము నుండి పొడవాటి కత్తులతో క్రొవ్వును పట్టెలుగా ఒలిచి, ఆవిరి కాగులలో ఉడికించి తీసిన నూనె ఐరోపాలో సబ్బులకును మార్గరీనుకును పోయెడిది. 1965 వఱకు ఈ దీవి కేంద్రములలో 1,75,000కు పైగా తిమింగిలములు ఇట్లు తెగినవి. పట్టుటకు మిగిలినవి అరుదైనందుననే కొలుములు చల్లారినవి.

అయినను ఈ వృత్తిని నిందించి ఊరకుండుటకు అంటార్కిటిక్ యాత్రికుడు షాకిల్టన్ కథ యడ్డు వచ్చును. 1916లో, ఎలిఫెంట్ దీవిలో చిక్కిన అనుచరులకై చిన్న పడవలో సుమారు 800 మైళ్లు దాటి ఈ దీవి చేరి, మఱి యిద్దఱితో పటములకెక్కని మంచుకొండల మీదుగా 36 గంటలు నడచిన అతనికి, మనుష్యులు చేరువలో నున్నారని తొలుత తెలిపినది స్ట్రామ్‌నెస్ తిమింగిల కర్మాగారపు ఉదయపు ఆవిరి కూతయే. 1922లో గ్రిట్వికెన్ రేవుననే ఓడలో మరణించిన అతని దేహమును మాంటెవిడియో వఱకు కొనిపోయియు, భార్య కోరికపై మరల తెచ్చి, తిమింగిల వేటకాండ్ర నడుమ పూడ్చిరి.

నేటి యాత్రికుడు దిగుటకు ముందే బూట్ల నుండి విత్తనములను, మట్టిని దులుపుకొనవలయును. పూర్వపు ఓడలు విడిచిన ఎలుకలను నిర్మూలించి, 2018లో దీవి వాని బెడద బాసినదని ప్రకటించుటకు పట్టిన శ్రమ అట్టిది. నార్వే నుండి కొయ్యలు తెచ్చి 1913లో కూర్చిన తెల్లని చర్చి ఒక వంక, తుప్పుపట్టిన కాగులు మఱియొక వంక. వాని నడుమ ఏనుగు సీళ్లు గుఱక పెట్టుచు దారికడ్డముగా పండుకొని యుండును. వానిని లేపరాదు గనుక యాత్రికుడే చుట్టు తిరిగి పోవును.