ఖాళీ సీటు ఖరీదు

కొత్తగా క్రెడిట్ కార్డు తీసుకున్నవారికి విమాన టికెట్టుకు సరిపడా పాయింట్లు ఇచ్చే పద్ధతి అమెరికాలో పుట్టింది. కార్డు చేతికొచ్చిన మూడు నెలల్లో ఇంత మొత్తం ఖర్చుపెడితే ఇన్ని వేల మైళ్లు అన్నది సాధారణంగా ఉండే షరతు. ఈ సైనప్ బోనస్‌కు మూలాలు రెండు: విమానంలో మిగిలిపోయే సీటు ఒకటి, బ్యాంకుకు కావలసిన కొత్త ఖాతాదారు రెండోది.

1978 దాకా అమెరికాలో ఏ మార్గంలో ఏ సంస్థ విమానం నడపాలో, ఛార్జీ ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ అదుపు సడలడం మొదలైంది. ఛార్జీల పోటీ ముదిరింది, ప్రయాణికులు చవక టికెట్టు ఎటుంటే అటు వెళ్లసాగారు. వారిని నిలుపుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ పథకం తెచ్చింది. సేబర్ అనే తన రిజర్వేషన్ కంప్యూటర్ వ్యవస్థలోని వివరాలతో తరచూ ప్రయాణించేవారిని గుర్తించి సభ్యులుగా చేర్చుకుంది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా మైలేజ్ ప్లస్ ప్రారంభించింది. లెక్క సులువే. విమానం ఎలాగూ ఎగురుతుంది. ఖాళీ సీటులో మరొకరిని కూర్చోబెడితే సంస్థకయ్యే అదనపు ఖర్చు స్వల్పం, కూర్చున్నవారికి మాత్రం దాని విలువ వందల డాలర్లు. మైలుకున్న విలువంతా ఈ తేడాలోంచి వచ్చిందే.

బ్యాంకుల కథ ఇంకా పాతది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఎవరూ అడగకుండానే దాదాపు 60 వేల కార్డులు తపాలాలో పంపింది. అలా పంపడాన్ని 1970లో చట్టం నిషేధించింది. ఇక మనిషి చేత దరఖాస్తు పెట్టించాలి. పెట్టించాలంటే ఏదో ఒక ఆశ చూపాలి.

రెండు కథలూ 1980ల రెండో సగంలో కలిశాయి. 1987లో సిటీబ్యాంకు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి తెచ్చిన కార్డుతో ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకూ ఒక మైలు వచ్చేది. విమానం ఎక్కకుండానే మైళ్లు కూడబెట్టే వీలు అలా కలిగింది, కొత్త ఖాతాదారుకు బ్యాంకు చూపే ఆశ కూడా మైళ్లే అయ్యాయి. ఆ మైళ్లను విమాన సంస్థ నుంచి బ్యాంకు టోకుగా కొంటుంది. అందుకయ్యే డబ్బు కొంత వార్షిక రుసుము నుంచి, కొంత బాకీదారులు కట్టే వడ్డీ నుంచి, కొంత దుకాణదారు నూటికి దాదాపు రెండు డాలర్ల చొప్పున చెల్లించే ఫీజు నుంచి వస్తుంది. దుకాణదారు ఆ ఫీజును సరుకు ధరలో కలిపేస్తాడు కాబట్టి నోట్లిచ్చి కొనేవారి మీదా ఆ భారం పడుతుంది. అమెరికాలో నగదు వాడే ఒక్కో కుటుంబం నుంచి ఏటా సగటున 149 డాలర్లు కార్డు వాడేవారికి చేరుతున్నాయని బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో లెక్కగట్టారు. ఉచిత ప్రయాణమన్న మాట వినిపించిన ప్రతిచోటా ఈ అంకెను గుర్తుచేయాలి.

బోనస్ షరతు తీర్చడానికి, మైళ్లు పోగేయడానికి జనం కనిపెట్టిన ఉపాయాల్లో డాలరు నాణేలది ప్రత్యేక అధ్యాయం. అధ్యక్షుల బొమ్మలున్న నాణేలు వాడకంలోకి రావాలని అమెరికా టంకశాల వాటిని ముఖవిలువకే, తపాలా ఖర్చు తనే భరించి ఇళ్లకు పంపేది. పెట్టెకు 250 నాణేలు, బరువు రెండు కిలోలు. కార్డుతో పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుని, టంకశాల చుట్టిన కాగితమైనా విప్పకుండా కారులో వేసుకెళ్లి బ్యాంకులో జమచేసి, ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టేవారు. చేతిలోంచి పైసా పోలేదు, మైళ్లు మిగిలాయి. నాణేలు మాత్రం చలామణిలోకి రానేలేదు. 2011 జూలైలో టంకశాల ఈ అమ్మకాలకు క్రెడిట్ కార్డులు తీసుకోవడం మానేసింది.

బోనస్‌ల పోటీ 2016 ఆగస్టులో పతాకస్థాయికి చేరింది. ఛేజ్ బ్యాంకు తెచ్చిన సఫైర్ రిజర్వ్ కార్డుకు అప్పట్లో వార్షిక రుసుము 450 డాలర్లు. మూడు నెలల్లో 4,000 డాలర్లు ఖర్చుపెడితే లక్ష పాయింట్లు. గిరాకీకి కార్డులు తయారుచేసే లోహపు రేకులు చాల్లేదు. ఆ ఏడాది చివరి త్రైమాసికంలో లాభం 20 నుంచి 30 కోట్ల డాలర్లు తగ్గుతుందని బ్యాంకు అధిపతి జేమీ డైమన్ ముందే చెప్పాడు. 2017 జనవరిలో బోనస్ సగానికి పడిపోయింది. బోనస్ తీసుకుని కార్డు వదిలేసేవారిని అడ్డుకునే నియమాలు అప్పటికే వచ్చాయి. 24 నెలల్లో అయిదు కొత్త కార్డులు తీసుకున్నవారికి ఛేజ్ చాలా కార్డులు ఇవ్వదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక కార్డుకు జీవితంలో ఒక్కసారే బోనస్ ఇస్తుంది.

మైళ్లు ఖర్చుపెట్టడమూ మారింది. ఒకప్పుడు దేశంలో రానుపోను టికెట్టుకు 25,000 మైళ్లని పట్టికలో అచ్చువేసి ఉండేది. 1997లో స్టార్ అలయన్స్ ఏర్పడ్డాక ఒక సంస్థ మైళ్లతో మరో సంస్థ విమానం ఎక్కే దారి వెడల్పయింది. యునైటెడ్ మైళ్లతో లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ చేరడం అలాంటిదే. తర్వాత 2015లో డెల్టా, 2019లో యునైటెడ్ ఆ పట్టికలను తీసేశాయి. ఇప్పుడు గిరాకీని బట్టి టికెట్టుకు కావలసిన మైళ్లు మారుతుంటాయి. ఏళ్ల తరబడి దాచుకున్నవారికి ఇది అన్యాయమే.

కరోనా కాలంలో ఈ పథకాల అసలు బరువు బయటపడింది. 2020లో యునైటెడ్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో అమెరికన్ అదే విధంగా 1,000 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. విమానాలు నేల మీద నిలిచిపోయిన నెలల్లో కూడా జనం కార్డులతో ఇంటి సరుకులు కొంటూనే ఉన్నారు, బ్యాంకులు మైళ్లు కొంటూనే ఉన్నాయి.