డాక్టరు గారి బాణీ

మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి ‘సంగీత కళానిధి’ బిరుదు పొందినవారి పట్టికలో 1983వ సంవత్సరం ఎదుట ఒక ప్రభుత్వ వైద్యుడి పేరు కనిపిస్తుంది. ఆ పట్టికలో ఎక్కువమంది బతుకంతా కచేరీ వేదికల మీద గడిపినవారు. శ్రీపాద పినాకపాణి గారు కచేరీలు చేయలేదని కాదు. చేశారు, రేడియోలోనూ పాడారు. కానీ ఆయన స్థానం వాటివల్ల వచ్చింది కాదు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఆంధ్రదేశపు గాయకుల్లో పెద్ద వర్గం ఏ పాఠాంతరం పాడాలో, ఒక రాగాన్ని ఎక్కడ ఆపి ఎక్కడ సాగదీయాలో చాలావరకు ఆయన ఇంట్లోనే తేలింది. ఆయన్ని గాయకుడిగా కాక గురువుగా చూస్తేనే లెక్క సరిగా తేలుతుంది.

పినాకపాణి గారు 1913 ఆగస్టు 3న నేటి శ్రీకాకుళం జిల్లాలోని ప్రియాగ్రహారంలో పుట్టారు. తొలి పాఠాలు మైసూరు విద్వాంసుడు బి.ఎస్.లక్ష్మణరావు గారి దగ్గర. తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్యం చదివారు. పక్కనే విజయనగరం. అక్కడ 1919లో వెలసిన మహారాజా వారి సంగీత కళాశాల, దానికి తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన తరువాత 1936లో ఆ పీఠమెక్కిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు. నాయుడుగారి వాదనం పినాకపాణి గారి మీద గాఢమైన ముద్ర వేసింది. గాయకుడు వాయులీన విద్వాంసుడి దారిలో నడవడం చిన్న విషయం కాదు. గాత్రంలో తడబాటును సాహిత్యం కప్పేస్తుంది. మాటలు లేని తీగ మీద ఆ సౌకర్యం లేదు. స్వరం నుంచి స్వరానికి ఎలా చేరామన్నది అక్కడ దాగదు.

ఆనాటి కోస్తాలో పాటకు కొదవ లేదు. హరికథ ఉంది, భజన ఉంది, అన్నిటికంటే గట్టిగా పద్యనాటకం ఉంది. హార్మోనియం శ్రుతి మీద, హిందూస్థానీ పోకడలు కలిసిన రాగాల్లో సాగే పద్యం జనానికి ప్రాణం. ‘వన్స్‌మోర్’లు కొట్టించుకున్న ఆ గొంతుల్లో గొప్పవి ఉన్నాయి. అయితే హార్మోనియం మెట్టు మీద మెట్టు పలుకుతుంది గానీ గమకం పలకదు. దాని వెంట నడిచిన గాత్రానికి స్వరాల మధ్య దారి మసకబారింది. ఇది తెలుగువారికి సంప్రదాయం లేదనడం కాదు. మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి నుంచి సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి గారికీ, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్యపంతులు గారికీ త్యాగరాజ శిష్యపరంపర నేరుగా కృష్ణాతీరానికి వచ్చింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ పరంపరలోని వారే.

పినాకపాణి గారు మరో దారి ఎన్నుకున్నారు. ఆయన చూపు తంజావూరు వైపు మళ్లింది. త్యాగరాజు, శ్యామశాస్త్రి రాసిన తెలుగు పాటను తరతరాలుగా అరగదీసి మెరుగు పెట్టినది ఆ కావేరీ తీరమే. మద్రాసులో ఆయన ఆర్.రంగరామానుజ అయ్యంగార్ గారి దగ్గర పాఠం చేశారు. అయ్యంగార్ వీణ ధనమ్మాళ్ శిష్యుడు. ‘కృతిమణిమాలై’ పేరుతో వందలాది కృతులను స్వరపరిచి తమిళంలో సంపుటాలుగా అచ్చువేసిన మనిషి. మద్రాసులో తమిళ పాటలకు చోటు కావాలంటూ తమిళ ఇసై ఉద్యమం ఊపందుకున్నదీ, ఒక తెలుగు వైద్యుడు తెలుగు కృతుల కోసం తమిళ గురువు ముందు కూర్చున్నదీ ఇంచుమించు ఒకే కాలం. మన సంగీత చరిత్రలో ఇలాంటి తమాషాలకు లోటు లేదు.

అయ్యంగార్ దగ్గర ఆయనకు దొరికినది పాటలే కాదు, పాటను కాగితం మీద పెట్టవచ్చునన్న ధైర్యం కూడా అనిపిస్తుంది. ఇక్కడ కొంచెం ఆగాలి. మామూలు స్వరలిపిలో తోడి రాగంలో ‘గ’ అని రాస్తే విద్యార్థి ఆ గాంధారాన్ని నిలువుగా పలికి ఊరుకుంటాడు. అప్పుడది తోడి కాదు. ఆ గాంధారం రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూ పోతేనే తోడి. గురువు పాడి వినిపిస్తేనే గానీ తెలియని ఈ ఊపును పినాకపాణి గారు విడదీశారు. ఒక స్వరంగా కనిపించేదానిలో నిజానికి ఏయే స్వరాలు తగులుతున్నాయో, ఎంతసేపు తగులుతున్నాయో పట్టుకుని, వాటిని కాలప్రమాణంతో సహా రాసిపెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానాలు నాలుగు సంపుటాలుగా ప్రచురించిన ‘సంగీత సౌరభం’ ఈ శ్రమ ఫలం. ‘మనోధర్మ సంగీతం’లో మరింత సాహసించి, అప్పటికప్పుడు పుట్టవలసిన రాగాలాపననే పాఠంగా మార్చే ప్రయత్నం చేశారు.

వైద్యుడు కాబట్టే ఇంత సూక్ష్మంగా చూడగలిగారని కొందరంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ నేను నమ్మను. వైద్యం ఆయనకు ఇచ్చినది చెవిని కాదు, జీతాన్ని. జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేసి, వైద్య కళాశాలల్లో బోధించి, చివరికి కర్నూలులో ఆచార్యుడిగా స్థిరపడిన మనిషికి కచేరీ దొరుకుతుందా లేదా అన్న బెంగ లేదు. సభ మెచ్చేది పాడవలసిన అగత్యం లేదు. శిష్యుడికి ఒకే కృతిని నెలల తరబడి చెప్పినా ఇల్లు గడుస్తుంది. సంగీత కేంద్రం కాని కర్నూలుకు శిష్యులు సంచులు పట్టుకుని వచ్చారు.

ఆయన శిష్యుల్లో ముందు చెప్పవలసినవారు నేదునూరి కృష్ణమూర్తి. పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో పుట్టి, విజయనగరంలో వాయులీనం, గాత్రం నేర్చి, 1949లో పినాకపాణి గారి దగ్గరికి చేరారు. 1991లో ఆయనకూ సంగీత కళానిధి వచ్చింది. అన్నమయ్య పదాలకు ఆయన కట్టిన వరుసలు, ముఖ్యంగా రేవతి రాగంలో ‘నానాటి బతుకు’, కచేరీ గడప దాటి ఇంటింటికీ వెళ్లాయి. వోలేటి వెంకటేశ్వర్లు దారి వేరు. బడే గులాం అలీఖాన్ గానం మీద మోజుపడిన ఆ గొంతు గురువు గీసిన గీతను గౌరవిస్తూనే అవతలికి తొంగి చూసేది. విజయవాడ ఆకాశవాణిలో ఆయన నడిపిన ‘సంగీత శిక్షణ’ విని ఇంట్లోనే పాట నేర్చుకున్నవారు ఎందరో. నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం కూడా ఆ ఇంటి విద్యార్థులే. తరువాతి తరంలో మల్లాది సోదరులు నేదునూరి, వోలేటిల దగ్గరా, నేరుగా పెద్దాయన దగ్గరా నేర్చారు.

ఆక్షేపణ లేకపోలేదు. తంజావూరు బాణీని తెచ్చి ఇక్కడి బాణీని పక్కకు నెట్టారన్నది అందులో ప్రధానం. దీనిలో కొంత నిజముంది. ఒక పాఠాంతరం అచ్చులోకి, రేడియోలోకి, కళాశాల పాఠ్యంలోకి వెళ్లాక మిగతావి వాటంతట అవే తెరమరుగవుతాయి. పద్యం పాడే గొంతులోని విసురు, ఆ తెగువ ఈ శిక్షణలో కొంత తగ్గింది కూడా. కానీ నేదునూరిని, వోలేటిని పక్కపక్కన విన్నవారెవరూ వీళ్లిద్దరినీ ఒకే అచ్చులో పోశారని అనలేరు. శిష్యులను ఇంత వేర్వేరుగా ఎదగనిచ్చిన పద్ధతిని దిగుమతి సరుకని కొట్టిపారేయడం న్యాయం కాదు.

1977లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1984లో పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి. 2013 మార్చి 11న, నూరేళ్లు నిండడానికి అయిదు నెలల ముందు, పినాకపాణి గారు కర్నూలులోనే కన్నుమూశారు. వోలేటి 1989లో, గోపాలరత్నం 1993లో గురువు కంటే ముందే వెళ్లిపోయారు. ఆయన తరువాత నాలుగు నెలలకు నూకల, మరుసటి ఏడాది డిసెంబరులో నేదునూరి పోయారు. ఆ తొలి తరం నుంచి ఎదురుగా కూర్చుని నేర్చుకునే వీలు దాంతో దాదాపు మూసుకుపోయింది. ఇప్పుడు నేర్చుకునేవారు ‘సంగీత సౌరభం’లో ఒక తోడి కృతిని తెరిచి పెట్టుకుని, నేదునూరి పాడిన తోడిని వినాలి. విన్న ప్రతిచోటా కాగితం మీద ఏం రాసి ఉందో వేలు పెట్టి చూసుకోవాలి. గురువు లేని చోట ఆయన వదిలివెళ్లిన పాఠం ఇదే.