ప్రొబేటు, వీలునామా, ఆడపిల్ల సంతకం

ఇంట్లో పెద్దవాళ్ళు పోయి కర్మకాండలన్నీ ముగిశాక, ఆస్తి మాటలు మెల్లగా మొదలవుతాయి. ఈమధ్య వాటిలో "ప్రొబేటు" అనే మాట కూడా వినిపిస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్‌లో "ప్రొబేట్ అయిందా?" అని అడుగుతారు. విజయవాడలో ఉన్న మనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

ప్రొబేటు అంటే ఏమీ లేదండీ, "ఈ వీలునామా అసలైనదే" అని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. 1925 నాటి భారత వారసత్వ చట్టం హిందువుల వీలునామాలకు దాన్ని బెంగాల్ ప్రాంతంలోనూ, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ మాత్రమే తప్పనిసరి చేసింది. అప్పట్లో బెజవాడ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నా, ఆ నిబంధన మద్రాసు నగరం దాటి రాలేదు. అందుకే మనవైపు తాతలు, ముత్తాతలు ప్రొబేటు మాట వినకుండానే పొలాలు పంచుకున్నారు. చాలా ఇళ్ళలో వీలునామానే ఉండేది కాదు. మరి ఆడవాళ్ళ వంతు ఎవరు తేల్చారు? వెనక్కి వెళ్ళి చూస్తే, చాలావరకు కోర్టు మెట్లెక్కిన ఆడవాళ్ళే.

మన కృష్ణాతీరంలోనే ఒక పెద్ద తగవు నడిచింది. అమరావతిని రాజధాని చేసుకున్న రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో కన్నుమూశారు. ఆయనకు దత్తపుత్రులు ఇద్దరు. జమీ ఎవరిదన్న వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. అంటే రాజాగారు పోయిన ముప్పై ఏళ్ళకు! న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఆ కేసు పేరు రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ. పేర్లు ఆడవాళ్ళవే, తేల్చింది మాత్రం ఏ కొడుకు అసలు వారసుడన్నది. ఆ రోజుల్లో కూతురి వాటా అన్న ప్రశ్నే లేదు.

1937లో భర్త ఆస్తిలో వితంతువుకు వాటా ఇస్తూ చట్టం వచ్చింది. అదీ బతికినన్నాళ్ళు అనుభవించడానికే, అమ్ముకునే హక్కు లేదు. పైగా ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆనకట్ట కట్టి కాలువలు వచ్చాక డెల్టాలో ఆస్తంటే పొలమే కదా! పొలానికి వర్తించని ఆస్తిహక్కు మన ముత్తవ్వలకు ఏం ఒరగబెడుతుంది? మద్రాసు ప్రభుత్వం 1947లో వేరే చట్టం తెచ్చాక గానీ ఆ లోటు తీరలేదు.

తరవాతి పేరు ప్రతి ఆడపిల్లా గుర్తుపెట్టుకోవాల్సింది. నెల్లూరువైపు వడ్డెబోయిన తులసమ్మ. 1931లో భర్త పోయారు. మనోవర్తి కోసం 1944లో కోర్టుకెళ్ళింది, కోర్టు ఫీజు కట్టే స్తోమత లేనివాళ్ళ కింద. 1949లో రాజీ కుదిరి, బతికినన్నాళ్ళు అనుభవించమని మరిది కొంత ఆస్తి ఇచ్చాడు. ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మితే "నీకు ఆ హక్కు లేదు" అని ఆయన దావా వేశాడు. మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆస్తి కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది పూర్తిగా ఆమెదేనని 1977 మార్చి 17న సుప్రీంకోర్టు చెప్పింది. మనోవర్తికి అర్జీ పెట్టుకున్న నాటి నుంచి లెక్కేస్తే 33 ఏళ్ళు.

ఇక కూతుళ్ళ సంగతి. 1956 చట్టం తండ్రి సొంత వాటాలో కూతురికి చోటిచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది. దాన్ని మార్చింది మన నిమ్మకూరు మనిషి ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురూ కొడుకుతో సమానమే. కాకపోతే అంతకుముందే పెళ్ళయినవాళ్ళకు వర్తించదు. మా మేనత్తలిద్దరిలో పెద్దావిడ పెళ్ళి 1983లో, చిన్నావిడది 1988లో. ఒకే తండ్రి బిడ్డలు, ఒకే పొలం. చిన్నావిడ వాటాదారు, పెద్దావిడ కాదు!

తాతయ్య పోయాక ఇద్దరి చేతా హక్కు విడుదల పత్రం మీద సంతకాలు చేయించారు. తాతయ్య సొంత వాటాలో పెద్దత్తకూ భాగం ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "పసుపు కుంకుమలు ఇచ్చారుగా, ఇంకేం అడుగుతాం? పుట్టింటి గడప ఉండాలి కదమ్మా" అంటుంది ఇప్పటికీ. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ తెలిసి తమ్ముడికి ఇవ్వడం వేరు, తెలియక వదులుకోవడం వేరు.

పెళ్ళయిందా లేదా అన్న ఆ తేడాను 2005లో కేంద్ర చట్టం తీసేసింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను కదిలించడానికి లేదు. మా పెద్దత్తలాంటి వాళ్ళకు చట్టం కాస్త ఆలస్యంగా వచ్చింది.

వీలునామా లేకుండా మగమనిషి పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి, అందరికీ సమాన వాటా. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న ఆ తల్లికీ వాటా ఉందని మనం తరచూ మర్చిపోతాం. బ్యాంకులో నామినీగా పేరుంటే డబ్బు ఆ మనిషిదే అయిపోదు. తీసుకుని వారసులకు అప్పగించే బాధ్యత మాత్రమే అది.

చివరగా మనందరి సంగతి. పిల్లల్లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది కన్నతల్లికి కాదు, ముందు భర్త వారసులకు వెళ్తుంది. కాబట్టి వీలునామా మగవాళ్ళ వ్యవహారం అనుకోకండి. తెల్లకాగితం చాలు. మీ సంతకం, మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తరవాతి తగాదాలు తగ్గుతాయి. మీ పేరున ఉన్నది రెండు గాజులైనా, రెండెకరాలైనా, ఎవరికి ఇవ్వాలో మీరే రాసి పెట్టండి.