పరాయి ఊళ్ళో పుట్టిన మన పత్రిక



పోయిన మీటింగులో ఒక మాట వచ్చింది. మన సంఘం గదికి తెలుగు పేపరు ఇంకా ఎందుకు, చదివేది నలుగురే కదా, నిలిపేద్దాం అని. ఆ రోజు మేము జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు ఒక పేపరు కథ చెప్తాం.

ఆంధ్రపత్రిక పుట్టింది ఆంధ్రలో కాదు, బొంబాయిలో. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బతుకుతెరువుకు బొంబాయి చేరిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు తెచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నడిపారు. 1914 ఏప్రిల్ 1న మద్రాసులో అది దినపత్రిక అయింది. కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ వార్తలు తెలుగులో రోజూ చదవగలగడం అప్పటి జనానికి చిన్న సంగతి కాదు.

అప్పుడు కోస్తా, రాయలసీమ రెండూ మద్రాసు రాజధాని కిందే ఉండేవి. మన కోలారు మైసూరు సంస్థానంలో ఉండేది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కావాలని ఆ పత్రిక గట్టిగా నిలబడింది. 1937లో కోస్తా, సీమ నాయకులు ఒప్పందం చేసుకున్నది మద్రాసులో పంతులు గారి ఇల్లు శ్రీబాగ్‌లోనే. 1938లో ఆయన పోయారు. అదే ఏడు మద్రాసులోనే ఆంధ్రప్రభ వచ్చింది. పంతులు గారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు ఆంధ్రపత్రికను నడిపించారు. 1974లో విశాఖలో ఈనాడు మొదలైంది, కాలం మారింది. 1990ల తొలి ఏళ్ళలో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. ఇంకో పదేళ్ళకు, 2001 ఫిబ్రవరి 28న, మన గనులూ మూతపడ్డాయి.

మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట, బళ్ళో తమిళ అక్షరం. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. 'గని' అని రాస్తే 'కని' అని చదువుతారు, అంటే పండు! మన నాయనల బతుకంతా గడిచిన గనిని గనిగా రాయడం మాకు తెలుగు పేపరే నేర్పింది. రైల్వేలో చేరాక డ్యూటీ లేని వేళ పెద్దక్షరాల హెడ్డింగులు కూడబలుక్కుని చదివేవాళ్ళం. తప్పు చదివితే తోటివాళ్ళు నవ్వేవాళ్ళు, మళ్ళీ వాళ్ళే దిద్దేవాళ్ళు.

బొంబాయిలో, మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు మన ఊరు కాదు కదా అని ఊరుకుని ఉంటే ఆ పత్రికే లేదు. మన కోరమండల్ కూడా అలాంటి ఊరే. చుట్టూ కన్నడం, తమిళం. అవీ మనవే. కానీ తెలుగు అక్షరం మన పిల్లల కంటికి కనబడే చోటు ఆ బల్ల ఒక్కటే.

కాబట్టి పేపరు నిలపొద్దు. నెల చందాలో సగం మేము ఇస్తాం. ఆదివారం మీ ఇంటి నుంచి ఒక పిల్లనో పిల్లాణ్ణో పంపండి. ఒక్క హెడ్డింగు చదివి పోతే చాలు. తప్పు చదివినా ఎవరూ కోప్పడరు. మేమూ అట్లే నేర్చుకున్నాం.