పహాణీయు, పట్టికల భాషయు

లెక్క వ్రాయుట పురాతన విద్య. వ్రాసిన లెక్కను ప్రశ్నించుట వేరొక విద్య. కంప్యూటరులోని పట్టికలను ప్రశ్నించుట కొక భాష యేర్పడి అర్ధశతాబ్ది కొంచెము మించినది. ఆ భాష చరిత్రను నేను మొగుడంపల్లి పహాణీ నుదాహరణముగా గొని మనవి చేయదలచితిని. అమెరికా పరిశోధనశాలలో పుట్టిన విషయమునకు జహీరాబాదు ప్రాంతపు పల్లెతో నేమి సంబంధమని శ్రోతలు శంకింపవచ్చును. ఆ భాష తీర్పబూనిన చిక్కు మన గ్రామముల దప్తరములలో అంతకు పూర్వమే యుండెను.

పహాణీ యనగా గడుల పుస్తకము. అడ్డు వరుసకొక సర్వే నంబరు. నిలువు వరుసలలో విస్తీర్ణము, పట్టాదారు, అనుభవదారు, పైరు, నీటి యాధారము. నిజాము కాలమున భూమి లెక్కలు ఉర్దూలో నుండెడివి. అయిదెకరములకు మించిన పట్టాదారు లెవరని యడిగినచో సమాధానము పుస్తకములో నున్నను, దానిని చేరు దారి పట్వారి యెరుకలోనే యుండెను. 1984లో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయినను, దారి తెలిసినవానికే పుస్తకము పలుకునను మాట నిలిచెను.

మరియొక చిక్కు కలదు. పూర్వము జహీరాబాదు తాలూకా హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోనిది. 1956లో కొంత భాగము తప్ప తక్కిన తాలూకా ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మవతరించెను. 2016 అక్టోబరు 11వ తేదీన సంగారెడ్డి జిల్లా యేర్పడగా, జహీరాబాదు మండలము నుండి విడివడి మొగుడంపల్లి మండలమాయెను. పొలము గట్టు దాటలేదు. జిల్లా పేరు మాత్రము రెండు మారులు మారెను. ప్రతి పొలము వరుసలోను జిల్లా పేరు వ్రాసియుంచినచో ప్రతి గడిని దిద్దవలెను. ఒక్కటి మరచిన, ఒకే యూరు రెండు జిల్లాల పాలగును.

1960వ దశాబ్దమున కంప్యూటరులు కూడ ఈ చిక్కులలోనే యుండెను. లెక్కలు చెట్టు కొమ్మలవలెనో, గొలుసు లంకెలవలెనో కూర్పబడెడివి. ఏ లంకె పట్టుకొని యెచ్చటికి పోవలెనో కార్యక్రమము వ్రాయువాడే చెప్పవలెను. అతడే నూతన పట్వారి! 1970 జూన్ మాసమున, ఐ.బి.ఎం. వారి శాన్ హోసే పరిశోధనశాలలోని ఎడ్గార్ కాడ్ అను ఆంగ్లేయ గణితజ్ఞుడు ఒక వ్యాసమున నూతన మార్గము చూపెను. సమాచార మంతయు పట్టికలుగా నుండవలెను. పట్టికల నడుమ సంబంధము గడులలోని విలువల చేతనే తెలియవలెను. పొలముల పట్టికలో గ్రామపు గుర్తు మాత్రముండును; ఆ గ్రామమే జిల్లాలోనిదో గ్రామముల పట్టికలో ఒక్కచోట వ్రాయబడును. జిల్లా మారినపుడు ఒక్క గడి దిద్దిన చాలును. వరుసల నేరుట, నిలువు వరుసల నేరుట, రెండు పట్టికలను జోడించుట మొదలగు క్రియలతో ఆయన బీజగణితము వంటి శాస్త్రమును నిర్మించెను.

కాని ఆ గణిత సంకేతములు గుమాస్తాకు మింగుడుపడునవి కావు. ఐ.బి.ఎం.లోనే పనిచేయు డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారలు 1974లో వాడుక ఇంగ్లీషు మాటలతో సీక్వెల్ అను భాషను ప్రకటించిరి. బాయిస్ ఆ యేటనే అకాలమరణము పొందెను. సీక్వెల్ అను పేరు వేరొక సంస్థ వ్యాపార చిహ్నమగుటచే అది ఎస్.క్యు.ఎల్. ఆయెను. 1986లో అమెరికాయందును, 1987లో అంతర్జాతీయముగను ఈ భాషకు ప్రమాణ మేర్పడెను.

ఇందు ‘సెలెక్ట్’ అనగా ఏ గడులు కావలెనో, ‘ఫ్రమ్’ అనగా ఏ పట్టిక నుండియో, ‘వేర్’ అనగా ఏ నియమముతోనో తెలియును. అడుగువాడు కావలసినదానిని మాత్రము చెప్పును. దారి యంత్రమే వెదకుకొనును. పట్వారి యెరుక యిచ్చట యంత్రమునకు సంక్రమించినది.

అయినను ఖాళీ గడి విషయమున జాగ్రత్త వలయును. ఒక రైతు విస్తీర్ణపు గడి ఖాళీగా నున్నచో, అయిదెకరములకు మించినవారి జాబితాలో నతడు రాడు. మించనివారి జాబితాలోను రాడు. ఈ భాషలో నిజము, అబద్ధము గాక ‘తెలియదు’ అను మూడవ స్థితి కలదు. రెండు జాబితాలను కూడి ఊరి రైతులందరును వచ్చిరనుకొను అధికారికి ఆ రైతు కనబడనే కనబడడు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఈ భాషకు రెండంగములు. పట్టికలో ఏ గడులుండవలెనో నిర్ణయించునది మొదటిది. గడులలోని విషయమును చేర్చి, దిద్ది, తీసి, ప్రశ్నించునది రెండవది. జనులు రెండవదానినే మెత్తురు. కాని మొదటిది లోపించిన రెండవది నిస్సహాయము. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమైనపుడు అందు అనుభవదారు గడి లేకపోవుటపై విస్తారముగా వాదము చెలరేగెను. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చెను. ఆ వాదములో న్యాయ మెవరి పక్షమున నున్నదో తేల్చుట నా పని కాదు. కౌలురైతు లెందరని యడుగుటకు భాష యెంత చక్కనిదైనను, అతని పేరు వ్రాయుటకు గడియే లేనిచోట సమాధానము రాదని మాత్రము చెప్పగలను.

కాబట్టి పట్టికను నిర్ణయించువారు కేవలము లెక్కలవారు కారు. ఎవని మాట వినబడవలెనో, ఎవని మాట వినబడరాదో వారు ముందుగనే తీర్పు చెప్పుచున్నారు. ప్రశ్నించు భాష మనకు లభించినది. గడి గీయునపుడే పొలము దున్నువానిని తలచుకొనుట మన వంతు.